కెనాన్ ఫైవ్ డీ మార్క్ ఫైవ్ వస్తదా, రాదా? ఇంకెన్ని రోజులు ఆగాలె?

పరకాల ఫ్లాష్
24 నవంబర్ 2019

అందరికి నమస్తే. పరకాలల చిన్న స్టూడియో నాది. ఇన్నొద్దులు ఈడ చదువుడే గాని రాసుడు లేదు. ఇయ్యాల ఎందుకు రాస్తున్ననంటే, "ఆ కెమెరా ముచ్చట ఇంకొక్కపారి నా ముంగట ఎత్తితే చూడు" అని ఇంట్ల గట్టిగ చెప్పిన్రు. అందుకే మీ ముంగట ఎత్తుతున్న.

నాది కెనాన్ ఫైవ్ డీ మార్క్ త్రీ. 2013ల కొన్న. ఆ ఏడు పత్తి పైసలు బాడీకి పోయినయ్, 24-105 లెన్సుకు కిస్తీలు కట్టిన. మొన్న కేబుల్ పెట్టి లాప్‌టాప్‌ల సాఫ్ట్‌వేర్‌తోని షట్టర్ కౌంట్, అంటే ఇన్నేండ్లల షట్టర్ ఎన్నిపార్లు కొట్టుకుందో, చూసిన. నికాన్ లెక్క మనకు ఫోటో ఫైల్ల కనపడదు గద, అందుకే ఇన్ని రోజులు చూడలే. 2,11,000 దాటింది. కంపెనీ ఈ షట్టర్‌కు రాసింది 1,50,000. అంటే రిటైరైన సారు ఇంకా రోజు బడికొచ్చి పాఠం చెప్తున్నట్టు. దాని మీద నాకేం ఫిర్యాదు లేదు, ముందే చెప్తున్న.

కాని చూస్తే పాణం ఉసూరుమంటది. చేతికి పట్టుకునే కాడ రబ్బరు చెమటకు ఉబ్బి లేసింది, సైకిల్ పంచర్ షాపుల సొల్యూషన్ దెచ్చి అంటిచ్చిన. మోడ్ డయల్ మీద అక్షరాలు అరిగినయ్, మాన్యువల్ 'ఎం' ఏడుందో చెయ్యికే ఎర్క. వెనుక బటన్ల సందుల పసుపు పోయి కూసున్నది, ఎన్నిపార్లు తుడిచినా అదే రంగు. పోయిన వైశాఖంల ఒక పెండ్లిల ఫ్లాష్ కొట్టుతలేదు. బ్యాటరీ మార్చిన, ఫ్లాష్ మార్చిన, అయినా లేదు. ఇంటికొచ్చి బల్బు కింద చూస్తే ఫ్లాష్ తగిలిచ్చే హాట్ షూ సందుల తలంబ్రాల బియ్యపు గింజ. సగం గింజ. గుండుపిన్నుతోని తీసేసరికి పావుగంట పట్టింది. ఆ పెండ్లి ఆఖరి గంట మొత్తం ఫంక్షన్ హాల్ ట్యూబులైట్ల మీదనే తీసిన. ట్యూబులైట్ల కింద వరుసగ కొడితే ఒక ఫ్రేము తెల్లగ వస్తది, ఒకటి పచ్చగ, ఒకటి చీకటి. మార్క్ ఫోర్‌ల దానికి మందున్నదట, లైటు పెరిగే తగ్గే లెక్క చూసి షట్టర్ కొడ్తదట. నా దాంట్ల లేదు.

"ఇగ మార్క్ ఫోర్ కొను" అంటరు. ఆడనే ఉన్నది నా బాధ. ఫైవ్ డీ మొదటిది 2005 ఆగస్టుల వచ్చింది. మార్క్ టూ 2008 సెప్టెంబర్. మార్క్ త్రీ 2012 మార్చి. మార్క్ ఫోర్ 2016 ఆగస్టు. మూడేండ్లు, మూడున్నర, నాలుగున్నర. క్యాలెండర్ ఎనుక పెన్నుతోని గీసుకొని చూసిన, మా పంతులు పెండ్లికి దినం బెట్టినట్టు. ఎట్ల చూసినా మార్క్ ఫైవ్ వచ్చే ఏడాదే పడ్తున్నది, ఆలస్యమైతే ఆ తర్వాతి ఏడు. ఇప్పుడు లక్షలు పోసి మార్క్ ఫోర్ తెచ్చినంక ఆరు నెలలకు మార్క్ ఫైవ్ వచ్చిందనుకోండ్రి, నేను ఎవల మొఖం చూడాలె?

మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా, తీసుకో అంటరు. కెనాన్ ఈఓఎస్ ఆర్ చూసిన, హన్మకొండల ఒక తమ్ముని దగ్గర రెండు రోజులు పట్టుకున్న. ఫోటో మంచిగొస్తది, 30 మెగాపిక్సెల్, నా ఎల్పీ-ఈ6 బ్యాటరీలే దాంట్ల పడ్తయ్. కాని కార్డు ఒక్కటే. ఒక్క కార్డుతోని పెండ్లికి పోవుడు నాతోని కాదు. 2017ల భూపాలపల్లి దిక్కు ఒక పెండ్లి. జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు మొదలు కాలే, ఆ మధ్యల కార్డు సచ్చింది. ఏ కంపెనీదో చెప్ప, అది వాళ్ల తప్పో నా చెమట చేతుల తప్పో నాకే తెల్వదు. రెండో స్లాట్ల ఎస్‌డీ కార్డుల అన్నీ పడ్డయ్ కాబట్టి నేను ఆ ఊర్లె ఇయ్యాల సుత తిరుగుతున్న. మార్క్ త్రీల ఆ ఎస్‌డీ స్లాట్ నత్త నడక నడుస్తది, రెండిట్ల రాయబెడితే కెమెరా మొత్తం నిదానమైతది. అయినా అదే పెడ్త.

ఫిబ్రవరి 5 నుంచి మేడారం జాతర. దానికి ముందు ఏదో ఒకటి తేలాలె. ఆగాల్నా? మార్క్ ఫోర్ తీస్కోవాల్నా? అందరు పోతున్నట్టు సోనీకి పోవాల్నా? నా దగ్గర ఉన్న లెన్సులు: 24-105, 70-200 పాతది, 50, 100 మాక్రో. అన్నీ ఈఎఫ్‌వే, అంటే కెనాన్ అద్దమున్న కెమెరాలకు చేసినయే.


పసుపు పట్టా
24 నవంబర్ 2019

అన్నా, కరీంనగర్ నుంచి. నీ పోస్టు సదువుతుంటే నా డైరీ ఎవడో దొంగిలిచ్చిండా అనుకున్న. నాది నికాన్ డీ 750, 2014ది. ఐదేండ్ల నుంచి దీనికి తర్వాతది వస్తది వస్తది అని చెవులు రిక్కిచ్చి కూసున్న. పోయిన ఏడు నికాన్ మిర్రర్‌లెస్ జెడ్ సిక్స్ వచ్చింది, ఉరికి పోయి చూసిన. దాంట్ల సుత కార్డు ఒక్కటే! అది సుత ఎక్స్‌క్యూడీ, వేరే రకం కార్డు, దాని ధర అడిగితే కండ్లు తిరుగుతయ్. రెండు కంపెనీలు కూడబలుక్కున్నట్టే చేసినయ్.

ఇంకోటి. నా దగ్గర పాత ఏఎఫ్-డీ 80-200 ఉన్నది. దాంట్ల మోటరుండదు, బాడీల ఉన్న స్క్రూ తిరిగితేనే ఫోకస్ అయితది. జెడ్ సిక్స్‌కు పాత లెన్సు తగిలిచ్చే నికాన్ అడాప్టర్‌ల ఆ స్క్రూ లేదు. పెట్టినా చేతితోనే తిప్పుకోవాలె. ఈ వయసుల, అప్పగింతల కాడ, ఏడ్చేటోళ్లను చేతి ఫోకస్‌తోని తీయాల్నా నేను?

నీకు ఆ బాధ లేదు. ఈఎఫ్ లెన్సులన్నిట్ల మోటరు లోపలనే ఉంటది. నువ్వు నా కంటె అదృష్టవంతునివి. జర ఆగు.


కోఠి సెకండ్స్
25 నవంబర్ 2019

2 లక్షల కౌంట్ బాడీ ఇయ్యాల నా కౌంటర్ మీద పెడితే 45 వేలు అంటా. రబ్బరు అంటించిన్రు కాబట్టి 42. మార్క్ ఫైవ్ వచ్చిన మర్నాడు పెడితే 30. ఆగితే నష్టం మీకే. అంతే భాయ్.


గుట్ట కింది గూడు
25 నవంబర్ 2019

హన్మకొండ నుంచి రాస్తున్నాను. పెళ్ళిళ్ళు తీయను, పక్షులు తీస్తాను. సెలవు దొరికితే పాకాల, లేకపోతే తెల్లారుజామున భద్రకాళి చెరువు కట్ట. కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, క్షమించాలి.

మీరు వేసిన లెక్కలాంటిదే నేనూ వేశాను. నాది కెనాన్ సెవెన్ డీ మార్క్ టూ. మొదటి సెవెన్ డీ 2009లో వచ్చింది, రెండోది 2014లో. ఐదేళ్ళ లెక్క. అంటే మూడోది ఈ ఏడు రావాలి. వచ్చిందేమిటి? ఆగస్టులో 90డీ. మంచి కెమెరానే, 32 మెగాపిక్సెల్. కానీ దాంట్లోనూ కార్డు ఒక్కటే, బాడీ కూడా అంత గట్టిది కాదు. నేను అడిగిన ప్రశ్నకు పక్కవాడి జవాబు చెప్పినట్టు ఉంది.

అప్పటినుంచి బాడీల తేదీలు లెక్కపెట్టడం మానేసి లెన్సుల వైపు చూస్తున్నాను. మీరూ చూడండి. ఈ ఏడాది కెనాన్ తెచ్చిన పెద్ద లెన్సులు ఏవి? 85 ఎఫ్ 1.2, 15-35, 24-70, మొన్న అక్టోబర్‌లో 70-200. అన్నీ ఆర్‌ఎఫ్ మౌంట్‌వే, అంటే అద్దం లేని కెమెరాలవి. ఈఎఫ్‌కు ఏమీ లేదు. కూతురికి ఇల్లు కట్టిస్తున్న తండ్రి పాత ఇంటికి సున్నం వేయిస్తాడా? వేయించవచ్చు. కానీ మీరు ఆ ఆశ మీద రెండేళ్ళ సీజను పెట్టుకోకండి.

ఇంకో మాట. నెలలు కాదు, పెళ్ళిళ్ళు లెక్కపెట్టండి. ఏడాదికి ఎన్ని చేస్తారు? వాటిలో ఎన్నింట్లో ఈ కెమెరా వల్ల ఒక ఫోటో పోయింది? బియ్యపు గింజ లెక్కలోకి రాదు, అది కొత్త కెమెరాలోనూ ఇరుక్కుంటుంది.


పరకాల ఫ్లాష్
26 నవంబర్ 2019

సారు, ఏడాదికి 25 దాంక చేస్త. కెమెరా వల్ల పోయిన ఫోటో అంటే... నిన్న రాత్రి కూసొని ఆలోచించిన. ట్యూబులైట్ల కింద పచ్చగొచ్చినయ్ తప్ప పోయినయ్ లెవ్వు. ఆల్బమ్ వెనక్కి పంపినోళ్లు సుత లేరు. ఒకాయన పంపిండు గాని, ఆయనకు వాళ్ల బామ్మర్ది ఫోటో ముందు పేజీల పడ్డదని కోపం.

మరి నేనెందుకు కొత్తది కావాల్నంటున్న? మొన్న ఒక పెండ్లికి పిల్లగాని దిక్కు ఫోటోగ్రాఫర్ సోనీ ఏ7 త్రీ పట్టుకొచ్చిండు. పెండ్లిపిల్ల తమ్ముడు నా కెమెరాను చూసి "అంకుల్, ఇది పాతది గద" అన్నడు. నిజం చెప్తున్న, గదే. ఆ పోరడు అన్నకాడి నుంచే నిద్ర పడ్తలేదు.

కోఠి భాయ్, నాది అమ్మ.


పరకాల ఫ్లాష్
19 జనవరి 2020

పుష్యంల పెండ్లిళ్లుండయ్ గద, పొయ్యి షట్టర్ మార్పిచ్చిన. 14 వేలైంది. రబ్బరు సుత కొత్తది ఏసిన్రు. ఇప్పుడు షట్టర్ చప్పుడు వేరే తీరుగున్నది, కొత్త చెప్పుల లెక్క కిర్రుమంటది. మేడారానికి దీంతోనే.

పసుపు పట్టా తమ్మి, మీ డీ 780 వచ్చిందట గద ఈ నెల్ల? రెండు కార్డులు, స్క్రూ మోటరు సుత ఉన్నదంటున్రు. ఐదేండ్లు ఆగినందుకు నీకు పండింది.


పసుపు పట్టా
19 జనవరి 2020

పండిందన్నా. రేటు చూసినంక మళ్ల ఎండింది. 😄


పసుపు పట్టా
10 జులై 2020

పరకాల అన్నా, ఏడున్నవ్? నిన్న కెనాన్‌వి రెండు వచ్చినయ్ చూసినవా? ఆర్ ఫైవ్, ఆర్ సిక్స్, రెండు మిర్రర్‌లెస్‌వే. రెండిట్ల రెండేసి కార్డులు. నీ క్యాలెండర్ లెక్క తప్పు కాలె, 2020ల ఫైవ్ వచ్చింది. కాకుంటే డీ పోయి ఆర్ వచ్చింది!


పరకాల ఫ్లాష్
2 ఆగస్టు 2020

చూసిన తమ్మి. చూసి పక్కకు పెట్టిన. వైశాఖంల 11 పెండ్లిళ్లు బుక్ అయితే 11 పోయినయ్. అడ్వాన్సులు తిరిగిచ్చిన. జ్యేష్ఠంల ఒకటి చేసిన, యాభై మందితోని, ఇంటి ముంగట పందిరేసి. అందరి మొఖాలకు మాస్కులు. కండ్లు పట్టే ఫోకస్ ఉంటే అప్పుడు పనికొస్తుండె అనుకున్న. పైసలు లెవ్వు, ఊరికె అనుకునుడు.

స్టూడియోల ఇప్పుడు జిరాక్స్ పెట్టిన.


పరకాల ఫ్లాష్
6 మార్చి 2022

ఈ ముచ్చట మొదలుపెట్టింది నేనే, తేల్చకపోతే మంచిగుండదు. అందరు మంచిగున్నరని అనుకుంట.

పోయిన కార్తీకంల ఆర్ సిక్స్ తీసుకున్న. సెకండ్ హ్యాండే. జమ్మికుంట దిక్కు ఒక స్టూడియో ఆయన కరోనాల దుకాణం బంద్ పెట్టి అమ్మిండు. కొనేటప్పుడు ఆయన డబ్బా, బిల్లు, మెడ పట్టా అన్నీ ఒక్కొక్కటి తీసి బల్ల మీద పెట్టిండు. పట్టా విప్పను సుత విప్పలే. బేరం ఆడబుద్ధి కాలే నాకు.

కొత్త లెన్సు ఒక్కటి కొనలే. అడాప్టర్ పెట్టి పాతయే వాడుతున్న. అడాప్టర్ అంటే ఏందో అనుకున్న, చేతిలకు తీసుకొని అటు దిక్కు నుంచి ఇటు దిక్కుకు చూస్తే బోలు గొట్టం. అద్దం ముక్క లేదు, నడుమ గాలి. పాత కెమెరాల లెన్సుకు సెన్సరుకు నడుమ 44 మిల్లీమీటర్ల జాగ ఉండేది, నడుమ అద్దం లేవాలె గద. దీంట్ల అద్దం లేదు కాబట్టి 20కి తెచ్చిన్రు. ఆ తక్కువైన 24 మిల్లీమీటర్లే ఈ గొట్టం. లోపల బంగారు రంగు పిన్నులు వరుసగ, కరెంటు పొయ్యేందుకు. అంతే. నా 70-200 దీని మీద పాతదాని కంటె గట్టిగ ఫోకస్ పడ్తున్నది. రెండేండ్లు ఏం భయపడ్డనో ఇప్పుడు తలుసుకుంటె నవ్వొస్తది.

బాగలేనివి సుత చెప్త. బ్యాటరీ. పాతదాంట్ల ఒక్క బ్యాటరీతోని ఎదురుకోళ్ల నుంచి అప్పగింతల దాంక లాగేటోన్ని. దీనికి మూడు కావాలె, పాత బ్యాటరీలు పడ్తయ్ గాని తొందరగ దిగుతయ్. కన్ను పెట్టే సందులకెళ్లి చూస్తే కనపడేది పెండ్లి కాదు, టీవీ. సప్పుడు లేని షట్టర్ పెట్టి ఎల్ఈడీ గోడ ముంగట కొడితే ఫోటో మీద బట్టల తాన్ల లెక్క అడ్డంగ చారలు. మొదటి పెండ్లిల అట్ల 60 ఫోటోలు పాడైనయ్, కెమెరా తప్పు కాదు, నా తెలివితక్కువ. ఎల్ఈడీ ఉన్న కాడ మామూలు షట్టర్ పెట్టున్రి. ఇంకొకటి, కండ్లు పట్టే ఫోకస్ మస్తుగ పనిచేస్తది గాని దానికి పెండ్లిపిల్ల ఎవలో, పంతులు ఎవలో తెల్వదు. మా పంతులుకు పెద్ద కండ్లు. ఆయన మంత్రం సదివినంత సేపు ఆయనకే పట్టుకుంటది.

మొన్న మేడారం పోయినం, నేను, మా దగ్గర పనిచేసే పోరడు. మార్క్ త్రీ వానికిచ్చిన. గురువారం పొద్దుగూకినంక చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తున్నరు. గాలిల తుపాకి పేల్చంగనే జనం ఒక్కపారి కదిలిన్రు, ఎదురుకోళ్లు, మొక్కుకు ఎగరేసే కోళ్లు, గాలిలకు లేసినయ్. దుమ్ము ఎట్లున్నదంటే లెన్సు మార్చుడు అన్న ఆలోచనే పెట్టుకోలే, పొద్దుటి సంది 24-105 అట్లనే. ఆర్ సిక్స్‌తోని 20 ఫ్రేముల పైన కొట్టిన. ఇంటికొచ్చి చూస్తే అన్నిట్ల నా ముంగట పూనకమొచ్చిన ఒక తల్లి కండ్లు మంచిగున్నయ్, ఒక్కదాంట్ల సుత కోడి లేదు. పోరడు రెండే కొట్టిండు. ఒకదాంట్ల కోడి రెక్కలిప్పి, కింద వెయ్యి చేతులు. పెద్దగ ప్రింటు తీసి స్టూడియోల పెట్టిన. ఎవలు తీసిన్రు అని అడిగితే పోరని పేరే చెప్తున్న, మనసొప్పక చెప్తున్న.

మార్క్ ఫైవ్ సంగతికి వస్తే, పోయిన డిసెంబర్ ఆఖరుల కెనాన్ పెద్దాయన ఫుజియో మితారాయ్ జపాన్ పేపరుకు చెప్పిండు గద, అద్దమున్న పెద్ద కెమెరాలల్ల వన్ డీ ఎక్స్ మార్క్ త్రీయే ఆఖరిదని. అది వన్ డీ సంగతే, ఫైవ్ డీ సంగతి కాదు అని ఎవలన్న ఇంకా లెక్కలేసుకుంట కూసుంటే నేనేం అన. నేను సుత కూసున్ననాయె.

నా ఫైవ్ డీ మార్క్ త్రీ అమ్మలే. కాని ఇప్పుడు మా పోరడు సుత ఎస్‌డీ కార్డుల మీదనే నడుపుతున్నడు, కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు రీడరు పిన్నులు వంగినయ్. 32 జీబీవి మూడు, 16ది ఒకటి కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులు ఖాళీగున్నయ్. మంచిగ పనిచేస్తున్నయ్, భూపాలపల్లి కార్డు వీటిల్ల లేదు. ఎవలకన్న కావాల్నా?


పసుపు పట్టా
6 మార్చి 2022

కోడి ఫోటో పెట్టన్నా ముందుగాల.


గుట్ట కింది గూడు
7 మార్చి 2022

32వి రెండు నా కోసం పక్కన పెట్టండి. ఆదివారం పరకాల వైపు వస్తున్నాను, స్టూడియోకు వచ్చి తీసుకుంటాను.

ఎందుకని అడగకండి. సెవెన్ డీ మార్క్ టూలో అవి పడతాయి.